పుల్లన్న మళ్ళీ వచ్చాడట

వాగు పక్క దొడ్డిలో గొర్రెపిల్లలకు కాపలా మైలన్న అనే ముసలి ఎద్దు. తల్లులు మేత నుంచి వచ్చేదాకా తడికకు అడ్డంగా పడుకుని, నెమరు వేస్తూ వాటికి కథలు చెప్పేవాడు. కథలన్నీ పుల్లన్నవే. ఏళ్ళ తరబడి ఒకే కాడి కింద నడిచిన ఆ జతగాడు పోయిన వానాకాలం కన్నుమూశాడు. అప్పట్నుంచి మైలన్నకు గడ్డి సయించలేదు గానీ కథలు మాత్రం రోజురోజుకీ పెరిగాయి. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు కదా, పుల్లన్న బలానికీ అంతూపొంతూ లేకుండా పోయింది.

గడ్డివామి వెనక కూర్చుని ఒక నక్క ఇవన్నీ శ్రద్ధగా వింది. నక్క వినేది పుణ్యం కోసమా? ఒక సాయంత్రం తడిక దగ్గరికొచ్చి, గొంతు బరువు చేసుకుని పిలిచింది.

“ఒరేయ్ మైలా! నన్ను గుర్తుపట్టలేదూ?”

“నక్కవి. గుర్తుపట్టకేం?”

“ఒళ్ళు నక్కదేరా. లోపలున్నది పుల్లన్న! చావు ఒంటికి గానీ ఆత్మకెక్కడిది? కొట్టం కూలిందని ఎద్దును పాతిపెడతారా? ఇంకో కొట్టంలో కట్టేస్తారు. నన్నిందులో కట్టేశారు.”

మైలన్న గుండె ఝల్లుమంది. ఆత్మ చావదని తనూ విన్నవాడే. నిజమైతే ఎంత బాగుండును!

“ఏదీ, మన ముచ్చటొకటి చెప్పు.”

“వాగులో బండి దిగబడిన రోజు మరిచావా? నువ్వు మోకాళ్ళ మీద కూలబడితే నేనొక్కణ్ణే గట్టెక్కించలేదూ?”

మైలన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “ఇంకా?”

“నా కుడితి నీకొదిలేసి ఎన్నిసార్లు పస్తున్నాను! ఆ తడిక తియ్యరా, పసివాళ్ళను ఓసారి ముద్దాడి పోతాను.”

“తాతా, వద్దు!” అంటూ పిల్లలన్నీ మూలకు చేరాయి. మైలన్న మెల్లగా లేచి, కొమ్ముతో తడిక జరిపాడు. నక్క చొంగ కారుస్తూ తల దూర్చింది. మైలన్న వెనక్కి తిరిగి ఒక్క తన్ను తన్నాడు. నక్క ఎగిరి ముళ్ళకంచెలో పడింది.

“అన్నీ నువ్వు చెప్పినట్టే చెప్పానుగా!” అని మూలిగింది.

“అక్కడే దొరికావు. ఆ రోజు వాగులో కూలబడింది వాడు, లాగింది నేను. నా కుడితి కూడా వాడే తాగేవాడు. బెంగ కొద్దీ నేనల్లిన గొప్పలవి. నిజంగా వాడే వచ్చుంటే, ‘నా కుడితి నీకిచ్చానా, ఎప్పుడ్రా?’ అని పడీపడీ నవ్వేవాడు.”

నక్క కుంటుకుంటూ అడవి దారి పట్టింది.

“అయితే పుల్లన్న తాత వట్టి సోమరిపోతా?” అంది ఒక పిల్ల.

“పరమ సోమరి. అయినా వాడు పక్కనుంటే ఎంత బరువైనా తేలిగ్గా ఉండేది తల్లీ.”

“మరి ఆత్మ చావదన్నదీ అబద్ధమేనా?”

“నక్క చెప్పినంత మాత్రాన నిజం అబద్ధమైపోతుందా? మావాడు ఈపాటికి ఎక్కడో దూడై పుట్టి, పక్కదాని పాలు కూడా తాగేస్తుంటాడు,” అని మైలన్న చాలా రోజుల తర్వాత నవ్వాడు.

పోయినవాణ్ణి వాడి తప్పులతో సహా గుర్తుంచుకుంటే, ఏ నక్కా వాడి పేరు చెప్పి మనల్ని మోసం చెయ్యలేదు.