కామాక్షమ్మ కొట్టు వెబ్‌సైటు

కామాక్షమ్మ ఫోను చేయడం ఆ వారంలో అది నాలుగోసారి. ఫోను మస్తాన్‌వలి మాస్టారికే వచ్చింది గాని, ఆవిడ గొంతుకి స్పీకరు అక్కర్లేదు. పక్క బల్ల దగ్గరున్న రూతుకి ప్రతి మాటా వినపడింది.

"ఏంది మస్తానూ, ఆ పిల్ల నా వెబ్‌సైటుని ఏం చేసింది? నెల్నాళ్ల నుంచి ఫోన్లు రావట్లా. కొట్లో కూర్చోని ఈగలు తోలుకుంటా ఉండా."

"చూస్తానక్కా," అన్నారు మాస్టారు.

"మూడుసార్లు ఇదే చెప్పావు. నువ్వు చూసేలోపల నేను తాళం వేసుకోని ఇంటికి పోతా." అవతల ఫోను పెట్టేసిన చప్పుడు కూడా వినపడింది.

రూతుకి ఒళ్లు మండిపోయింది.

కామాక్షమ్మది నెల్లూరు పొగతోటలో, ఆసుపత్రుల మధ్య చిన్న కొట్టు. మంచానపడ్డ వాళ్లకి కావలసిన సామాను అద్దెకిస్తుంది. తల ఎత్తి దించే మంచాలు, చక్రాల కుర్చీలు, ఆక్సిజన్ సిలిండర్లు. ఆరేళ్ల కిందట మాస్టారే ఆవిడకి వెబ్‌సైటు చేసి పెట్టారు. తెల్ల కాగితం లాంటి పేజీ, మధ్యలో కొట్టు పేరు, కింద ఫోను నంబరు, ఇంకా కింద ఏమేం దొరుకుతాయో మూడు లైన్లు. అంతే. మొదటిసారి దాన్ని చూసినప్పుడు ఇది పెళ్లి కార్డా, వెబ్‌సైటా అనుకుంది రూతు. పైకి అనలేదు.

రూతుది కావలి. హైదరాబాదులో ఆరు నెలలు ఆన్‌లైన్ మార్కెటింగు కోర్సు చేసి వచ్చింది. ఇంటికి దగ్గరని నెల్లూరులో మాస్టారి దగ్గర చేరి ఎనిమిది నెలలైంది. మాస్టారు ముప్పై ఏళ్లు కుంచెతో బోర్డులు రాసిన మనిషి. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయాక, నలభై అయిదో ఏట కంప్యూటరు ముందు కూర్చుని అక్షరం అక్షరం నేర్చుకున్నారు. ఇప్పుడు జిల్లాలో సగం కొట్లకి వెబ్‌సైట్లు ఆయన చేతివే. అన్నీ పెళ్లి కార్డులే.

నెలన్నర కిందట కామాక్షమ్మ వెబ్‌సైటుని కొత్తగా చేసే పని రూతుకి అప్పగించారు. తను నేర్చుకున్నదంతా ఒక్కచోట చూపించే అవకాశం అది. పదిహేను రోజులు కూర్చుని చేసింది. పేజీ తెరవగానే స్వాగతం చెబుతూ ఒక పెట్టె వస్తుంది, పేరూ మెయిలూ ఇస్తే వారం వారం ఆరోగ్య చిట్కాలు పంపుతుంది. తర్వాత ఒక రంగుల చక్రం, తిప్పితే మంచం అద్దెలో తగ్గింపు. ఒక మూల నుంచి అనన్య అనే బొమ్మ చెయ్యి ఊపి, ఏం కావాలో అడుగుతుంది. వెనకాల మెత్తగా సంగీతంతో వీడియో. అన్నిటికన్నా తెలివైన పని ఏమిటంటే, మొదటి పేజీలోంచి ఫోను నంబరు తీసేసి ఆ చోట ఒక దరఖాస్తు పెట్టింది. నంబరు కనపడితే జనం ఫోను చేసి వెళ్లిపోతారు, మన చేతికేమీ మిగలదు. దరఖాస్తు నింపితే పేరు, ఊరు, అవసరం అన్నీ జాబితాలో చేరతాయి. రేపు పండక్కీ పబ్బానికీ సందేశాలు పంపుకోవచ్చు.

ఇంత చేస్తే ఈగలంట.

"మాస్టారూ, ఆవిడ మాట వినకండి. అంకెలు చూడండి," అంది రూతు లాప్‌టాప్ ఆయన వైపు తిప్పి. "వచ్చేవాళ్లు తగ్గలేదు. ఇదివరకు ఒక్కొక్కళ్లు అర నిమిషం కూడా ఉండేవాళ్లు కాదు. ఇప్పుడు సగటున నాలుగు నిమిషాలు ఉంటున్నారు. నాలుగు నిమిషాలు మాస్టారూ. హైదరాబాదులో పెద్ద పెద్ద కంపెనీలకే రావు ఇట్టాంటి అంకెలు."

మాస్టారు కళ్లజోడు పైకి జరుపుకుని తెర మీద ఆ నిమిషాల లెక్క చూపే గీత వంక చూశారు. గీత కొండెక్కినట్టు పైకి పోతోంది.

"నాలుగు నిమిషాలా," అన్నారు.

"అవును."

"అంతసేపు ఏం చేస్తున్నారమ్మా?"

"చూస్తున్నారు. మన వెబ్‌సైటు చూస్తున్నారు."

ఆయన ఇంకేమైనా అంటారని ఆగింది. ఆయన టీ గ్లాసు అందుకుని చల్లారిపోయిందని పక్కన పెట్టారు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. ఆ మౌనం కామాక్షమ్మ తిట్లకన్నా ఎక్కువ చికాకు పెట్టింది రూతుని. ఇంటికి పోయి వాళ్లమ్మతో చెప్పింది, ఈ ఊళ్లో పని తెలిసినవాళ్లకి విలువ లేదని. వాళ్లమ్మ చేపల పులుసు కలుపుతూ, "అయితే మానెయ్," అంది తేలిగ్గా. దాంతో రూతుకి ఇంకా మండింది.

గురువారం పొద్దున మాస్టారి దగ్గర్నుంచి ఫోను. "ఇవాళ ఆఫీసుకి రాలేనమ్మా. అమ్మకి ఆయాసం ఎక్కువగా ఉంది. ఆ అంకెల రిపోర్టేదో పట్టుకోని నువ్వే ఇంటికి రా. ఇక్కడే చూద్దాం."

రూతు రిపోర్టుని రంగుల్లో ప్రింటు తీసింది. ఇవాళ అటో ఇటో తేలిపోవాలి అనుకుంది. ఆయన మెచ్చుకోకపోతే ఒకటో తారీకు నుంచి రానని చెప్పేయాలనుకుంది. దారంతా ఆ మాట ఎట్టా మొదలుపెట్టాలో కూడబలుక్కుంటూ మూలాపేట చేరింది.

మాస్టారి ఇల్లు రెండు గదులు. ముందు గదిలో మంచం మీద ఆయన తల్లి కాశింబీ, ఎనభై దాటిన మనిషి. మాస్టారు వెనక కూర్చుని తన భుజానికి ఆమె వీపు ఆనించుకున్నారు. మంచం పక్కన ఆక్సిజన్ మిషను గుర్రుమంటోంది. దాని గొట్టం ఆమె ముక్కుకి ఉంది. వాళ్లది దూదేకుల ఇల్లు. పన్నెండో ఏట నుంచి దూది ఏకిన మనిషి కాశింబీ. ఆ దూదంతా ఇప్పుడు లోపల చేరి ఊపిరికి అడ్డం పడుతోందని డాక్టర్లన్నారు.

రూతు సంచిలోంచి రిపోర్టు తీయబోయింది.

"అది తర్వాత," అన్నారు మాస్టారు. "ముందు ఇట్టా వచ్చి అమ్మని పట్టుకో. మా ఆవిడ ఊళ్లో లేదు. పొద్దుట్నుంచీ ఏమీ తినలా, గంజి కాచి తెస్తా. వెనక్కి వాలనీకు, వాలితే దగ్గు ఆగదు."

రూతు చెప్పులు విడిచి వచ్చి ఆయన లేచిన చోట కూర్చుంది. ఎడమ చేయి ముసలామె వీపు చుట్టూ వేసింది. దుప్పటంత బరువు కూడా ఉండదనుకుంది గాని, తనంతట తాను నిలబడలేని మనిషి బరువు వేరు. అరచేతి కింద పక్కటెముకలు పైకీ కిందికీ ఆడుతున్నాయి.

మాస్టారు వంటగది గుమ్మం దగ్గర ఆగారు. "పదకొండింటికి కరెంటు తీస్తారంట, లైను పని ఉందని మెసేజి వచ్చింది. మిషను ఆగిపోద్ది. ఇంట్లో ఉన్న సిలిండరు అడుగంటింది. కామాక్షమ్మకి ఫోను చేసి ఒకటి పంపమను."

"నంబరు, మాస్టారూ?" ఆవిడ ఎప్పుడూ మాస్టారికే చేస్తుంది. రూతు ఫోనులో ఆ నంబరు లేదు.

"నీ వెబ్‌సైటు ఉంది గదా," అని లోపలికి వెళ్లిపోయారు.

రూతు కుడి చేత్తో ఫోను తీసింది. వెబ్‌సైటు తెరిచింది.

స్వాగతం పెట్టె వచ్చింది. దాన్ని మూసే గుర్తు పై మూలన ఉంది. ఒక్క చేత్తో ఫోను పట్టుకుంటే బొటనవేలు అంత దూరం పోవడం లేదు. ఫోను మంచం మీద పెట్టి చూపుడువేలితో నొక్కింది. గుర్తు చిన్నది, పక్కన తగిలి పేరు అడిగే గడి తెరుచుకుంది. ఆ గుర్తుని అంత చిన్నగా పెట్టింది తనే. పెద్దగా ఉంటే జనం వెంటనే మూసేస్తారని.

మూడోసారికి మూసుకుంది. చక్రం వచ్చింది. మూసేదారి లేదు, తిప్పాల్సిందే. తిప్పింది. మంచం అద్దెలో అయిదు శాతం తగ్గింపు వచ్చినందుకు తెర మీద రంగు కాగితాలు రాలాయి. అవి రాలుతుండగా వీడియో మొదలైంది. నిన్న ఎప్పుడో సౌండు పెంచి ఉంచిన ఫోను, ఆ మెత్తటి సంగీతం గదంతా మోగింది. కాశింబీ ఉలిక్కిపడింది. దగ్గు అందుకుంది. ఒక దగ్గు ఇంకో దగ్గుని లాక్కొస్తోంది. రూతు ఫోను వదిలేసి రెండు చేతులతోనూ ఆమెని పట్టుకుంది. మంచం మీద ఫోను పాడుతూనే ఉంది.

దగ్గు తగ్గాక మళ్లీ ఫోను తీసింది. అనన్య చెయ్యి ఊపుతోంది.

ఆక్సిజన్ అని నొక్కింది. రోగి వయసెంత అనడిగింది అనన్య. చెప్పింది. ఏ ఊరు అనడిగింది. చెప్పింది. మీ మెయిల్ ఇవ్వండి అంది. ఇచ్చింది. "ధన్యవాదాలు! మా ప్రతినిధి ఇరవై నాలుగు గంటల్లో మిమ్మల్ని సంప్రదిస్తారు," అంది అనన్య, నవ్వుతూ.

మాస్టారిని పిలిచి నంబరు అడగొచ్చు. వంటగది నాలుగడుగుల దూరంలో ఉంది. నోరు రాలేదు.

"ఏందమ్మా... అంతగా... వెతుకుతుండావు?" అంది కాశింబీ. రెండు మాటలకొకసారి ఊపిరి కోసం ఆగుతోంది. "ఏమన్నా... పారేసుకున్నావా?"

"నంబరు అవ్వా. కొట్టు నంబరు."

"దొరుకుద్దిలే బిడ్డా. తొందర పడమాక." ముసలామె వణికే చేత్తో రూతు మోకాలు మీద రెండుసార్లు తట్టింది.

రూతు కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఖాళీ లేదు.

చివరికి దొరికింది. 'మా ప్రయాణం' అన్న పేజీలో, కామాక్షమ్మ కొట్టు ఎట్టా మొదలైందో తను రాసిన పెద్ద వ్యాసానికి అడుగున, బూడిదరంగు చిన్న అక్షరాల్లో. నొక్కితే కలిసేది కాదు, వట్టి రాత. అంకెలు రెండేసి గుర్తు పెట్టుకుని కొట్టింది.

ఒక్క మోతకే ఫోను ఎత్తింది కామాక్షమ్మ. "ఎవరూ? నంబరెట్టా దొరికింది మీకు?"

"నేనండీ, రూతుని. మస్తాన్‌వలి మాస్టారింటి నుంచి. అవ్వకి సిలిండరు కావాలి."

తిడుతుందని రూతు కాచుకుంది.

"అరగంటలో ఉంటాది," అంది కామాక్షమ్మ. "వెనక దిండ్లు ఎత్తు పెట్టమను."

ఫోను కింద పెడుతుంటే తెర మీద టైము కనపడింది. వెబ్‌సైటు తెరిచినప్పుడు తొమ్మిదీ యాభై రెండు. ఇప్పుడు తొమ్మిదీ యాభై ఏడు. రూతు మనసులో తీసివేత వేసుకుంది. నెల రోజులుగా ఆ గీతని కొండలా పైకెక్కించిన వాళ్లంతా ఒక్కొక్కరే గదిలోకి వచ్చి గోడ పక్కన నిలబడినట్టు అనిపించింది.

మాస్టారు గంజి గిన్నెతో వచ్చారు. మంచం ముందు ముక్కాలి పీట వేసుకుని, చెంచాడు గంజి ఊది ఊది తల్లి నోటికి అందించారు. రూతు వీపు పట్టుకునే ఉంది.

సిలిండరు పదిన్నరకి వచ్చింది. వ్యాను డ్రైవరు బిగించి, మీటరు ముల్లు చూపించి వెళ్లాడు. పదకొండింటికి మిషను గుర్రు ఆగింది. గదిలో కాశింబీ ఊపిరి ఒక్కటే వినపడింది. పడుతూ లేస్తూ, కానీ ఆగకుండా.

"రిపోర్టు తెచ్చావు గదా," అన్నారు మాస్టారు గిన్నె కడిగి వచ్చి.

"ఇప్పుడు వద్దు మాస్టారూ."

ఆయన తలూపి దిండ్లు సర్దారు. రూతు మంచం పక్కన నేల మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. ముందు చక్రం తీసేసింది. తర్వాత పెట్టె. తర్వాత వీడియో, దరఖాస్తు. అనన్య దగ్గర కాసేపు ఆగింది. ఆ బొమ్మకి చీర రంగు ఎంచడానికే ఒక పూట పట్టింది. దాన్నీ తీసేసింది. మధ్యాహ్నం కరెంటు వచ్చేసరికి పేజీలో కొట్టు పేరు, దాని కింద బొటనవేలికి అందేట్టు పెద్ద నంబరు, నొక్కితే ఫోను కలిసేట్టు. 'ఏ వేళైనా చేయండి' అని ఒక లైను.

"ఇంత ఖాళీగా ఉంటే పని చేయలేదనుకుంటారేమో," అంది, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు.

మాస్టారు నిద్రపోతున్న తల్లిని చూపించి, నెమ్మదిగా మాట్లాడమని వేలు పెదాల మీద పెట్టారు.

మళ్లీ సోమవారం. సంతపేటలో ఆఫీసు. పది కూడా కాకముందే కామాక్షమ్మ ఫోను.

"ఏంది మస్తానూ, నిన్న మా అల్లుడొచ్చి చూశాడు. వెబ్‌సైటంతా బోసిగా ఉండాదే. ఆ బొమ్మేది? నవ్వుతా ఉండేదే, ఆ పిల్ల? నాకు ఆ పిల్ల నచ్చింది. తీసేసే ముందు నన్నొక మాట అడగబల్లేదా? మీ రూతుని పిలువు, నేనే అడగతా. అసలు ఇట్టా... ఉండు, ఇంకో ఫోను వస్తా ఉంది."

కట్ అయింది. అయిదు నిమిషాలకి మళ్లీ చేసింది.

"ఆఁ, ఏమంటుండా. అంత ఖాళీ చోటు ఉంచుకోని ఏం చేసుకునేది చెప్పు. కనీసం ఒక పువ్వయినా... అబ్బ, మళ్లీ. కోవూరు నుంచి ఎవరో, మంచం కావాలంట. ఉండు మస్తానూ, ఫోను పెట్టమాక, ఇద్దో వస్తా."

ఫోను మళ్లీ కట్ అయింది.

రూతు బల్ల మీద చేతులు పెట్టుకుని ఎదురుచూసింది. బయట ఆటోలు పోతున్నాయి. మాస్టారి ఫోను మోగలేదు. పది నిమిషాలయింది. పావుగంటయింది.

"మళ్లీ చేసి తిడతారేమో మాస్టారూ," అంది రూతు.

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని తన పనిలోకి తిరిగారు.

"తీరికుండదులేమ్మా," అన్నారు.