మొగలిపొదల కింద ఏడిళ్ళు

సముద్రానికి కూతవేటు దూరంలో ఎర్రమట్టి మెట్ట ఒకటి ఉండేది. మెట్ట నిండా జీడిచెట్లు, చెట్ల మొదళ్ళలో బొరియలు. గట్టి నేల కావడంతో అక్కడ తవ్విన ఇల్లు తరాల తరబడి చెక్కుచెదరదు. ఒక బొరియలో గవరమ్మ అనే ముంగిస కాపురముండేది. అది వాళ్ళమ్మ తవ్విన ఇల్లు. పక్కింట్లో బైరాగి అనే ముళ్ళపంది, భార్యాపిల్లలతో. ఆ వరసలోనే పందికొక్కులు, ఉడుములు, ఇంకో నాలుగు కుటుంబాలు.

ఆ ఏడు ఎండలు మామూలుగా కాయలేదు. పడమటి గాలి పొయ్యిలోంచి వచ్చినట్టు వచ్చేది. మెట్ట మట్టి కాలి కాలి, బొరియలో పడుకున్నా ఒళ్ళు పేలిపోయేది. అంతకుముందు రెండుసార్లు కడుపు పోగొట్టుకున్న గవరమ్మ మళ్ళీ తల్లి కాబోతోంది. ఈ వేడికి ఈసారి కూడా ఏమవుతుందోనని దానికి బెంగ.

సరిగ్గా అప్పుడే వచ్చాడు నక్క గున్నయ్య. రెండేళ్ళ కిందట ఎక్కడినుంచో వచ్చి ఆ ప్రాంతంలో స్థిరపడ్డవాడు. ఇసుకతిన్నెకు సముద్రం వైపున, మొగలిపొదల కింద ఏడు బొరియలు ఖాళీగా ఉంటే, అవి తనవేనని చెప్పుకు తిరుగుతుండేవాడు. అవి ఎందుకు ఖాళీగా ఉన్నాయని ఎవరూ అడగలేదు.

"వదినమ్మా, ఒక్కసారి నాతో రా. కొనమనను, కట్టమనను. ఊరికే చూసిపో" అన్నాడు.

మిట్టమధ్యాహ్నం తీసుకెళ్ళాడు. మొగలిపొద కింద అడుగు పెట్టగానే గవరమ్మకు ప్రాణం లేచొచ్చింది. సముద్రం మీంచి చల్లని గాలి. కాళ్ళ కింద మెత్తని ఇసుక. ఎదురుగా నీలంగా నీళ్ళు.

"ఈ గాలి మెట్ట మీద ఏ ఇంటికైనా వస్తుందా?" అన్నాడు గున్నయ్య.

"రాదు" అంది గవరమ్మ కళ్ళు మూసుకుని.

"మీ ఇల్లు నాకిచ్చెయ్, ఇది నువ్వు తీసుకో. ఇవాళ ఇంటికి ఇల్లు. లోపలి ఊళ్ళ వైపు చెరువులన్నీ ఎండిపోతున్నాయి, ఆ వైపు వాళ్ళంతా ఇటే వస్తున్నారట. రేపు ఏ ధర పలుకుతుందో నేను చెప్పలేను."

గవరమ్మ సాయంత్రానికల్లా ఇల్లు మారింది. దాన్ని చూసి మిగతావాళ్ళూ మారారు. బైరాగి ఒక్కడే కదల్లేదు.

"నువ్వూ రా అన్నయ్యా, హాయిగా ఉంది" అని పిలిచింది గవరమ్మ.

"ఉంటుందమ్మా. నాకు ఇసుకలో తవ్వడం చేతకాదు, అంతే" అన్నాడు బైరాగి.

ఏడిళ్ళూ నిండాయి. మెట్ట మీది ఏడు బొరియలూ గున్నయ్యవయ్యాయి. చెరువులు ఎండి వలస వచ్చినవాళ్ళకు "ఇల్లు కావాలంటే రోజూ మీ వేటలో సగం నాకు తెచ్చిపెట్టండి" అని షరతు పెట్టాడు. వాళ్ళు విని, దండం పెట్టి, ఇంకో ఊరు వెతుక్కున్నారు. గున్నయ్య అయినా దిగిరాలేదు. వానలు పడి పల్లపు బొరియలు మునిగితే ఎవరో ఒకరు దారికొస్తారని కూర్చున్నాడు.

శ్రావణం వెళ్ళింది. గవరమ్మ ఒకరోజు ఇంటి వెనక ఇసుక గోకుతుంటే గోళ్ళకు గవ్వలు తగిలాయి. ఒకటీ రెండూ కాదు, ఇసుక మీద పాకిన తీగల కింద బారుగా, గీత గీసినట్టు పరుచుకుని ఉన్నాయి. దగ్గరలో పోలమ్మ అనే ఎర్ర పీత కనబడింది. ఆ ఒడ్డున అందరికంటే వయసులో పెద్దది.

"మామ్మా, ఇంత పైకి ఈ గవ్వలు ఎవరు తెచ్చారు?"

"ఎవరు తెస్తారే? సముద్రమే తెచ్చింది. పెద్ద వాయుగుండం వచ్చిన ఏడు నీళ్ళు అక్కడిదాకా వస్తాయి."

గవరమ్మ గీత వైపు చూసింది, తన ఇంటి వైపు చూసింది. ఇల్లు గీతకు కింద ఉంది.

"మరి మా ఇళ్ళు?"

"అవి ఇళ్ళేటి? ఎప్పుడో ఎవరో తవ్వుకుని ఒదిలేసి పోయినవి. మావంటే వేరు, అల వచ్చి పూడ్చినా పొద్దున్నే ఇంకోటి తవ్వుకుంటాం. నువ్వు కడుపుతో ఉన్నావు, కార్తీకంలోపు ఎటైనా వెళ్ళిపో తల్లీ."

గవరమ్మ నేరుగా మెట్టెక్కి, ఒడ్డున ఉండలేం, పాత ఇళ్ళు తిరిగిమ్మని గున్నయ్యను బతిమాలింది. గున్నయ్య ఒళ్ళు విరుచుకుంటూ, "మాటంటే మాటే వదినమ్మా. వానాకాలం కాస్త చెమ్మ చేరుతుంది, దానికే ఇంత గోలా?" అన్నాడు.

ఏడుస్తూ దిగుతుంటే బైరాగి ఆపాడు. సంగతంతా విని, "మా ఇంట్లో ఓ మూల నీకు చోటిస్తాం. పురుడు ఇక్కడే పోసుకో" అన్నాడు. అతని భార్య అప్పటికే పిల్లల్ని ఒక పక్కకు జరుపుతోంది. చిన్న ఇల్లు, అందులో వాళ్ళే నలుగురు. గవరమ్మ ఇద్దరికీ దండం పెట్టింది.

"మీ రుణం తీర్చుకోలేనన్నయ్యా. కానీ నన్ను చూసే మిగతా ఆరు కుటుంబాలూ దిగాయి. వాళ్ళని ఒడ్డున వదిలేసి నేనొక్కదాన్నే ఎలా వచ్చేది?"

బైరాగి మెట్ట మీది ఖాళీ ఇళ్ళ వైపు చూశాడు. "ఆ గున్నయ్యకి తన దగ్గరున్నది ఎప్పుడూ రుచించదు చెల్లీ. ఎదుటివాడు తింటుంటేనే వాడికి ఆకలి."

ఆ మాట పట్టుకుని గవరమ్మ ఒడ్డుకు తిరిగొచ్చింది. అందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పింది. "గున్నయ్య వస్తే ఎవరూ ఏడవకండి. లేనిది కల్పించకండి. ఇక్కడున్న మంచి మాత్రమే చెప్పండి" అంది.

మంచికి కొదవ లేదు. భాద్రపదంలో జాలర్లు ఒడ్డున పెద్ద వల లాగుతారు. వల దులిపినప్పుడు జారిన చిన్న చేపలు ఇళ్ళ ముందే దొరికేవి. గున్నయ్య తమాషా చూద్దామని వచ్చేసరికి పందికొక్కులు బొజ్జలు నిమురుకుంటున్నాయి, ఉడుము చేపముల్లుతో పళ్ళు కుట్టుకుంటోంది.

"ఎలా ఉన్నారు?"

"నీ పుణ్యమా అని చల్లగా ఉన్నాం. వాకిట్లోకే చేపలొస్తున్నాయి" అంది పందికొక్కు.

గున్నయ్య మెట్టెక్కి చూసుకున్నాడు. ఏడిళ్ళు, ఎండు జీడాకులు, ఖాళీ కడుపు. మూడోరోజుకల్లా ఒడ్డుకు పరిగెత్తుకొచ్చాడు.

"వదినమ్మా, ఇళ్ళు మళ్ళీ మార్చుకుందాం."

"కడుపుతో ఉన్నదాన్ని మళ్ళీ ఇల్లు కదలమంటావా?"

"ఏడింటికీ ఏడూ ఇస్తాను. మోసేవి ఉంటే నేనే మోస్తాను."

"మాట మార్చనని బైరాగి అన్నయ్య ముందు చెబుతావా?"

చెప్పాడు. సామాను నిజంగానే మోశాడు కూడా. అంతా అయ్యాక వెళ్ళబోతూ గవరమ్మ ఆగింది. కడుపులో పిల్లలున్న తల్లి, మనసొప్పలేదు.

"గున్నయ్యా, ఇంటి వెనక తీగల కింద గవ్వల గీత ఉంది. ఒకసారి చూసుకో. నీళ్ళు అక్కడిదాకా వస్తాయట. ఇప్పటికీ వద్దనుకుంటే చెప్పు, నీకు మెట్ట మీద ఒక ఇల్లు విడిచిపెడతాం."

గున్నయ్య పకపకా నవ్వాడు. "నన్ను భయపెట్టి చేపలు మళ్ళీ కొట్టేద్దామనా? ఇలాంటివి నేను బోలెడు చెప్పాను, నాకే చెబుతావా?"

కార్తీకంలో గవరమ్మకు ముగ్గురు పిల్లలు పుట్టారు. నాలుగోరోజు పొద్దున్నే వాయుగుండం తీరం దాటింది. జీడికొమ్మలు విరిగిపడ్డాయి, తాటిచెట్లు నేలకు వంగాయి. మధ్యాహ్నానికి సముద్రం తిన్నె దాకా వచ్చింది. మెట్ట మాత్రం కదల్లేదు.

గవరమ్మ బొరియ గుమ్మంలో ఏదో కదిలింది. ఇసుకా నీళ్ళూ కారుతున్న గున్నయ్య, తోక ముడుచుకుని నిలబడ్డాడు. లోపలికి రానివ్వమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

"వీణ్ణి రానివ్వకు" అంది పక్కింటి పందికొక్కు కన్నంలోంచి.

గవరమ్మ పిల్లల్ని దగ్గరకు లాక్కుని కాస్త జరిగింది. "గుమ్మానికి అడ్డంగా పడుకో, చలిగాలి పిల్లల మీదకి రాకుండా."

గున్నయ్య అలాగే పడుకున్నాడు. వాన తగ్గేదాకా గుమ్మం వదలలేదు. చివరికి గోడ వైపు చూస్తూ, "నువ్వు నిజమే చెప్పావు. నేనే వినలేదు" అన్నాడు. ఆ నోటి నుంచి అలాంటి మాట రావడం అదే మొదటిసారి.

తెరిపిచ్చి, పిల్లలకు నడక వచ్చాక గవరమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని ఒడ్డుకు దిగింది. మొగలిపొదలు లేవు. ఏడిళ్ళున్న చోట నున్నటి ఇసుక. పోలమ్మ మాత్రం తడి ఇసుకలో నింపాదిగా తిరుగుతోంది. గవరమ్మ దాని ముందు తల వంచింది.

"మామ్మా, వీళ్ళు ముగ్గురూ నీ దయవల్లే బతికారు. ఏడు కుటుంబాలు నీ పేరు తలుచుకుంటున్నాయి."

"నేనేం చేశానే?" అంది పోలమ్మ, కళ్ళు పైకెత్తి పిల్లల్ని ఒక్కొక్కరినే చూస్తూ. "ఈ ఒడ్డున ఎన్నేళ్ళుగానో ఉన్నాను. ఇల్లు చూసుకోవడానికి ఎందరో వచ్చారు. నన్ను అడిగింది నువ్వొక్కదానివే."

ఇల్లు తీసుకునేవారికి గాలి చూసుకుంటే సరిపోదు. ఆ నేల మీద ముందునుంచీ బతుకుతున్నవాళ్ళని అడిగి తెలుసుకోవాలి.