బుద్ధివలస జట్టులో ఎవరుండాలి?

బుద్ధివలస వాళ్ళకి తమ తెలివి మీద ఎంత నమ్మకమంటే, పక్క ఊరివాళ్ళు ఎత్తుకుపోతారేమోనని సంతకి వెళ్ళేటప్పుడు తలకి తువ్వాలు బిగించి కట్టుకుంటారు. ఆ ఊరి ఫుట్‌బాల్ కమిటీలో పదకొండుమంది ఉన్నారు. వాళ్ళకి పెద్ద పోలినాయుడు. రెండు తువ్వాళ్ళు కట్టేది ఆయనొక్కడే.

పోలినాయుడికి ఒకటే దిగులు. జట్టు పెట్టిన వాళ్ళ నాన్న ఒక్క కప్పయినా చూడకుండా పోయాడు. కప్పు కోసమని ఆయన కట్టించిన గూడు ఇంట్లో ఖాళీగానే ఉంది. రోజూ దాన్ని తుడిచి, "ఈ ఏడు తెస్తాను నాన్నా" అని చెప్పుకునేవాడు.

అక్కడ ఏటా ఆటలు కాగానే ఒప్పందాలు తీరిపోతాయి. ఆటగాళ్ళు ఏ ఊరి జాబితాలోనైనా సంతకం పెట్టుకోవచ్చు. పదకొండు సంతకాలూ పడ్డాయా, ఇక మార్చడం ఉండదు. కిందటేడు బుద్ధివలసని ఫైనల్ దాకా లాక్కొచ్చిన సింహాచలం మీద గెడ్డపాలెం వాళ్ళ కన్ను పడింది. అందుకే ఆట నేర్పే గంగరాజు మాస్టారు, కూతురి పురిటికి వెళ్తూ చెప్పి మరీ వెళ్ళాడు.

"తప్పులు చెయ్యనివాళ్ళని ఉంచుకోండి. గెడ్డపాలెం కాగితం మీద సింహాచలం సంతకం పడకుండా చూడండి. అంతే!"

అంతే, కమిటీ కూర్చుంది.

"సింహాచలం తప్పులు సేసాడేటి?" అని అడిగాడు పోలినాయుడు.

"సెయ్యకేటి బావా! బంతి దొరికిందే సాలు, పట్టుకెళ్ళి ఆళ్ళ వలలో పడేసేవోడు. పద్నాలుగుసార్లు!" అన్నాడు బావమరిది సన్నాసి.

"ఓరి నాయనో! మరి గోలీ?"

"ఆడిది మరీ అన్యాయం. బంతి తనంతట తానే మన వలలోకి వస్తంటే సేతులడ్డెట్టి తోలేసాడు."

పోలినాయుడికి కళ్ళు తిరిగాయి. "ఏడాదంతా ఒక్క తప్పూ సెయ్యనోళ్ళు ఎవులూ నేరేటిరా?"

అందరూ బుర్రలు గోక్కున్నారు. ఉన్నారు! గట్టు మీద కూర్చున్నవాళ్ళు! ఇంకేముంది, ఎన్నడూ ఆటలోకి దిగని ఐదుగురినీ, నిమ్మకాయలు కోసే అప్పడినీ, డప్పు కొట్టే నలుగురినీ, గొడుగు పట్టే తాతనీ పిలిచి సంతకాలు పెట్టించేశారు.

ఇక రెండో పని మిగిలింది. కమిటీ మొత్తం గెడ్డపాలెం పరిగెత్తింది. భోజనాల వేళ కావడంతో క్లబ్బులో పిట్ట కూడా లేదు. బల్ల మీద కాగితం, అందులో పదకొండు ఖాళీ గళ్ళు.

"గళ్ళు నిండిపోతే ఆడు సంతకం ఎక్కడ ఎడతాడు?" అన్నాడు పోలినాయుడు. తన తెలివికి తనకే ముచ్చటేసింది. కెప్టెన్ గడిలో ఆయన, పక్క గడిలో సన్నాసి, వరసగా పదకొండుమందీ సంతకాలు గీకేశారు.

ఈ ఏడు మిగతా ఊళ్ళు జట్లు పెట్టలేదు, ఈ రెండిటికీ నేరుగా ఫైనలే. సింహాచలం రెండూళ్ళూ తిరిగాడు. ఎక్కడా గడి లేదు. ఫైనల్ రోజున పాపం గట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

"సూడు, ఎంత బుద్ధిగా కూకున్నాడో! వచ్చే ఏడు ఉంచుకోవచ్చు," అన్నాడు సన్నాసి.

పోలినాయుడి ఒంటి మీద గెడ్డపాలెం చొక్కా ఉంది. మనసంతా బుద్ధివలసే. "నాన్న కోసం మన ఊరే గెలవాల్రా! బంతులన్నీ మనూరి వలలోనే ఎయ్యండి!" అన్నాడు.

వేశారు. బుద్ధివలస జట్టు అలవాటు ప్రకారం కూర్చునే ఉంది, డప్పులు మాత్రం మోగించింది. గోలీగా నిలబెట్టిన తాత బంతి వచ్చినప్పుడల్లా పక్కకి జరిగి గొడుగు పట్టాడు. తొమ్మిది గోల్స్! పొద్దుటినుంచీ తిట్టిపోస్తున్న గెడ్డపాలెం వాళ్ళు ఎగిరి గంతులేశారు.

"బంతులు పోగొట్టుకుని గెంతుతున్నారు, ఎర్రిబాగులోళ్ళు!" అని జాలిపడ్డాడు పోలినాయుడు.

పెద్దలు కప్పు తెచ్చి గెలిచిన జట్టు కెప్టెన్ చేతిలో పెట్టారు. ఆ కెప్టెన్ పోలినాయుడే. కప్పు తళతళలాడుతుంటే ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇది ఏ ఊరిది బాబూ?"

"గెడ్డపాలేనిది."

పోలినాయుడు నిట్టూర్చాడు. తల మీది తువ్వాలొకటి విప్పి, కప్పుని శుభ్రంగా తుడిచి, గెడ్డపాలెం వాళ్ళకి అప్పగించేశాడు. ఒకరి సొత్తు మనకెందుకు?

ఇంటికొచ్చి గూడు ఇంకోసారి తుడిచాడు. "ఆళ్ళది ఆళ్ళకి ఇచ్చేసాను నాన్నా. మన వలలో తొమ్మిది బంతులు పడ్డాయి గదా, మన కప్పు ఎనక బండిలో వస్తాది," అని చెప్పి, వీధి తలుపు బార్లా తీసి గుమ్మంలో కూర్చున్నాడు.