సువార్తకు వంత

బసవపున్నయ్యకు వచ్చిన కష్టం పగవాడికి కూడా రాకూడదు. వంత పాడమన్నారు.

బుర్రకథలో నడుమ తంబురా పట్టుకుని నిలబడేవాడు కథకుడు. చప్పట్లు వాడివి, దండలు వాడివి, ఊళ్లో పేరూ వాడిదే. అటొకడు ఇటొకడు గుమ్మెట వాయిస్తూ, "తందాన తాన" అంటూ, మధ్యమధ్య ప్రశ్నలు వేస్తూ జనాన్ని నవ్విస్తూ ఉండేవాళ్లు వంతలు. వాళ్లు ఎంత వాయించినా, గోడమీద అంటించే కాగితంలో పేరు అడుగున చిన్న అక్షరాల్లోనే పడుతుంది. బసవపున్నయ్య తన గురువు అంకయ్యగారి పక్కన ఏళ్ల తరబడి వంత పాడి పాడి, ఈమధ్యనే నడుమకొచ్చాడు. వచ్చినవాడు ఇంకా కాలు నిలదొక్కుకోనేలేదు, మళ్లీ పక్కకు జరగమంటున్నారు గురువుగారు. అదీ ఎవరికోసమయ్యా అంటే, నిన్నగాక మొన్న దళంలో చేరిన సువార్త కోసం!

సువార్తది చీరాల అవతల సముద్రపు ఒడ్డు పేట. తల్లి రొయ్యల షెడ్డులో రొయ్యలు ఒలుస్తుంది. ఆ పిల్ల గురువుగారి దగ్గర పాత వీరుల కథలు నేర్చుకుంటూనే, సొంతంగా ఒక కథ కట్టింది. దానమ్మ కథ. పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచే ఆడవాళ్లనందర్నీ దానమ్మ కూడగట్టి, చేతులకు తొడుగులు ఇస్తేనే పనిలోకి వస్తామని షెడ్డు గేటు ముందు కూర్చోబెట్టిన కథ.

"ఇందులో రాజు లేడు, కత్తి లేదు. గుర్రమన్నా లేదు గదమ్మా?" అన్నాడు బసవపున్నయ్య మొదటిసారి విన్నప్పుడు.

"గుర్రం లేదన్నా. ఐసు లారీ ఉంది," అంది సువార్త.

ఈ లోపల పట్నం కళాసమితి వాళ్ల ఉత్సవాలొచ్చాయి. కార్యదర్శి మాధవరావుగారు అంకయ్యగారిని పిలవడానికి పనిగట్టుకుని వచ్చాడు. "తప్పకుండా వస్తాను. కథ మాత్రం మా సువార్త చెబుతుంది, అదీ తన సొంత కథ," అన్నారు గురువుగారు.

మాధవరావుగారు నీళ్లు నమిలాడు. "మీ మాట కాదనలేను. కానీ ఒక్కమాట. కొత్తవాళ్లు, కొత్త కథలు అంటేనే మా సమితిలో సణుగుతున్నారు. జనం మధ్యలో లేచి పోయారో, ఇక మా వేదిక మీద కొత్తవాళ్లకు చోటుండదు. ఆ తర్వాత నన్ననుకోవద్దు."

తలుపు పక్కన నిలబడ్డ సువార్త ఈ మాటలు విన్నది. ఆ పూట అన్నం తినలేదు.

ఆయన వెళ్లగానే బసవపున్నయ్య అందుకున్నాడు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది గురువుగారూ! ఒక్కసారైనా వేదికెక్కని పిల్ల, దానికో సొంత కథ, దానికి నేను వంత. అంతగా ఆ పిల్లను పైకి తేవాలనుకుంటే మీరే మైకు ముందు నాలుగు మంచి మాటలు చెప్పండి. మీ నోటి మాట చాలదా? ఇంతకీ నాతోపాటు ఆ రెండో వంత ఎవరు?"

గురువుగారు గోడకు తగిలించిన గుమ్మెట దింపి, దాని తాడు తన మెడలో వేసుకుని, పొట్ట మీద సరిగ్గా కూర్చుందో లేదో చూసుకున్నారు. రెండు దరువులు వాయించారు.

బసవపున్నయ్యకు మీసాలు రాకముందు నుంచీ ఆ మనిషి నడుమనే నిలబడ్డాడు. ఆయన మెడలో గుమ్మెట వీడెప్పుడూ చూసి ఎరగడు. ఇంకేం చేస్తాడు? మూతి ముడుచుకునే తనూ ఒక గుమ్మెట తీసుకున్నాడు.

ఉత్సవం రోజు దీపాలు పెట్టే వేళకే మైదానం నిండిపోయింది. అంకయ్యగారి పేరు విని వచ్చినవాళ్లే సగానికి పైగా. తెర లేచింది. నడుమ తలపాగా చుట్టుకుని, తంబురా భుజానేసుకుని ఒక బక్కపలచని పిల్ల. అంకయ్యగారు పక్కన! "ఇదేంటయ్యా, ఆయన వంత పాడ్డమేంటి?" అని గుసగుసలు బయల్దేరాయి. బసవపున్నయ్యకు తల కొట్టేసినట్టయింది.

ఆ దళంలో ఒక ఆనవాయితీ ఉంది. వేదిక మీద వంతలు కథకుణ్ణి "గురువుగారూ" అని పిలవాలి. పిలిచాకే కథ ఎత్తుకోవాలి. ఈ పిల్లను అట్లా పిలవడానికి బసవపున్నయ్యకు మనసొప్పలేదు. "ఏమ్మా" అని సర్దేద్దామని ముందే అనుకున్నాడు. వాడు నోరు తెరిచేలోగా అంకయ్యగారు రెండు చేతులూ జోడించి, మైదానమంతా వినబడేటట్టు, "గురువుగారూ! ఇవాళ మాకేం కథ వినిపిస్తారండీ?" అన్నారు.

గుసగుసలు ఆగిపోయాయి. సువార్త కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా తంబురా మీటి కథ ఎత్తుకుంది.

మొదట బాగానే నడిచింది. షెడ్డు వచ్చింది, ఐసు లారీ వచ్చింది, యజమాని వచ్చాడు. అప్పుడు ముందు వరసలో ఒక పెద్దమనిషి, "రొయ్యల గోల మాకెందుకమ్మా! వీరుల కథ చెప్పు!" అని అరిచాడు. నలుగురు నవ్వారు. వెనక కుర్చీలు కిర్రుమన్నాయి. ఇద్దరు ముగ్గురు లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు.

సువార్త ఆగిపోయింది. పదం మరిచిపోయింది. వట్టి తంబురా మీటుతూ నిలబడిపోయింది. మెట్ల దగ్గర మాధవరావుగారు నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు.

బసవపున్నయ్యకు ఆ పాట మొత్తం కంఠతా వచ్చు. గురువుగారింట్లో ఆ పిల్ల పాడుతుంటే వినీ వినీ వచ్చేసింది. కథ మునిగిపోకుండా తనే అందుకోవాలనుకున్నాడు. నిజం చెప్పొద్దూ, లోపల కాస్త సంబరపడ్డాడు కూడా. ఊపిరి నిండా పీల్చి, నడుమకు ఒక అడుగు వేశాడు.

దభీమని గుమ్మెట మోగింది. అంకయ్యగారు వాడికీ సువార్తకూ మధ్య అడ్డంగా వచ్చి నిలబడ్డారు. పాటలో లేని ప్రశ్న ఒకటి వేశారు.

"గురువుగారూ! నాకో సందేహమండీ. పొద్దస్తమానం ఐసులో నానిన చేతులాయె, వేళ్లు పగిలిపోయి ఉండె. మరి దానమ్మ ఇంటికెళ్లి అన్నం ఎట్టా కలుపుకునేదండీ?"

సువార్త ఆయన ముఖం కేసి చూసింది. మైదానమంతా ఎదురుచూస్తోంది.

"కలుపుకునేది కాదు," అంది మెల్లగా. పాటా కాదు, పద్యమూ కాదు, ఇంట్లో మాట్లాడుకునే మాట. "పగిలిన వేళ్లకు కారం తగిలితే ప్రాణం పోతుంది గదా. పిల్ల కలిపి ముద్దలు పెట్టేది. తల్లి నోరు తెరిచి తినేది."

"అయ్యో! ఎవరండీ ఆ పిల్ల?"

సువార్త తల ఎత్తింది. "మీ ఎదురుగా నిలబడి కథ చెబుతోంది చూడండి, అదే!"

చెప్పులు వెతుక్కునేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. మైదానం చివరన, షెడ్డు నుంచి ఆటోల్లో వచ్చి నేలమీద కూర్చున్న ఆడవాళ్లు, "నిజం! నిజం! అది మా దానమ్మ కూతురే!" అని చేతులు పైకెత్తారు. పట్టీలు చుట్టిన చేతులు. ఇంకేం కావాలి ఆ పిల్లకు? తంబురా ఝణఝణలాడించి అందుకుంది.

"తొడుగులిచ్చిన నాడె తొక్కుతాం గేటు, అందాక దొరగారూ మీ ఐసు మీకే!"

"తందాన తాన!" అన్నారు అంకయ్యగారు, చిన్నపిల్లాడిలా గంతేసి.

బసవపున్నయ్యకు అలక ఎప్పుడు పోయిందో వాడికే తెలియదు. యజమానిలా పొట్ట ముందుకు తోసి, "తొడుగులెందుకు గురువుగారూ? ఆడవాళ్లకు గాజులు చాలవా?" అని ఎగతాళి ప్రశ్న వేశాడు. "నీ చేతులు ఒక్క పూట ఐసులో పెట్టి చూడు, చెబుతావు!" అని సువార్త తిప్పికొట్టింది. మైదానం పగలబడి నవ్వింది. గురువుగారూ అని పిలిచానన్న సంగతి వాడికి స్ఫురించనే లేదు. తర్వాత్తర్వాత పాట జనమే అందుకున్నారు. ఆ ముందు వరస పెద్దమనిషి గొంతే అందరికన్నా పెద్దగా వినబడింది.

కథ ముగిసేసరికి మాధవరావుగారు భయపడ్డట్టే జనం లేచారు. లేచి బయటికి కాదు, వేదిక మీదికి వచ్చారు. మాధవరావుగారు అంకయ్యగారి కోసం తెచ్చిన దండ ఆ తోపులాటలో ఎవరో లాక్కుని సువార్త మెడలో వేశారు.

తెర వెనక బసవపున్నయ్య గజ్జెలు విప్పుకుంటూ ఉండబట్టలేక అడిగాడు.

"నాకా పాట మొత్తం వచ్చు గురువుగారూ. మీరు అడ్డం రాకపోతే నేనే అందుకుని కథ నిలబెట్టేవాణ్ణి గదా?"

"నిలబెట్టేవాడివే," అన్నారు అంకయ్యగారు చెమట తుడుచుకుంటూ. "కథ నిలబడేది. మరి పిల్ల?"

బసవపున్నయ్య విప్పిన గజ్జెలు చేతిలో పట్టుకుని తెర సందులోంచి చూశాడు. వేదిక మీద షెడ్డు ఆడవాళ్లు సువార్తను చుట్టుముట్టి, రేపు మా పేటలో చెప్పి తీరాలని పట్టుబడుతున్నారు. "ఇద్దరు వంతలు కావాలక్కా, ఎవర్నని అడగను?" అంటోంది ఆ పిల్ల.

వాడు లేచి, గుంపును తోసుకుంటూ ఆమె ముందుకు వెళ్లాడు.

"రేపు ఎన్నింటికి బయల్దేరదామమ్మా?"