గవరయ్యకు వంతపాడిన కొండ

అనగనగా ఒక పాటగాడి కథ. పాడి చెప్పాల్సిందే. కానీ నేను గొంతెత్తితే మా కోళ్లు పట్టపగలే గంప కిందికి దూరతాయి. అందుకని మాటల్లోనే చెబుతాను, వినండి.

మన తాతల తాతలు పుట్టకముందు గవరయ్య అని ఒకడు ఊరూరా కథలు పాడేవాడు. చంకలో మీటే జముకు వాయిద్యం, కాలికి గజ్జెలు, అంతే ఆస్తి. వంతగాడికి పెట్టడానికి గింజల్లేవు. అందుకని ఊరి వెనక నెమలిమెట్టకి ఎదురుగా నిలబడి పాడేవాడు. అతనొక చరణం పాడితే, కొండ చివరి మాట తిప్పి పాడేది. అతని పాటలన్నీ ఆ కొండ గురించే.

"నీ వంతగాడు గంజి కూడా అడగడు కదరా!" అని జనం నవ్వేవారు.

"కల్లు తాగి ఎగ్గొట్టడు కూడా, మావా!" అనేవాడు గవరయ్య.

ఈ సంగతి ఆ సీమ ఏలే దొర చెవిన పడింది. కోటకి పిలిపించాడు. గవరయ్య కొండమీది తేనెపట్టుల పాట పాడాడు.

"ఆహా! ఎక్కడుందిరా ఆ కొండ?"

"మా ఊరి వెనకే, దొరా!"

మర్నాడు దొర మనుషులొచ్చి పట్టులన్నీ పిండుకుపోయారు.

మళ్లీ పిలుపొచ్చింది. ఈసారి కొండ ఊట మీద పాడాడు.

"ఆహా! ఎక్కడుందిరా ఆ ఊట?"

"మా ఊరి వెనకే, దొరా!"

కాలవ తవ్వి ఊటనీళ్లు దొర తోటకి మళ్లించారు.

మూడోసారి పిలుపొచ్చేసరికి పెళ్లాం పోలమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"వెళ్లకయ్యా. నువ్వు పొగిడిందల్లా పోతోంది."

"దొర ఆహా అన్నాడే! ఈ ఊళ్లో ఒక్కరైనా అన్నారా?"

పోలమ్మ పక్కకి తప్పుకుంది. నిజమే, ఒక్కరూ అనలేదు.

గవరయ్య వెళ్లి, వానకి అద్దంలా మెరిసే కొండ నల్లరాతి మీద పాడాడు.

"ఆహా! ఎక్కడుందిరా ఆ రాయి?"

గవరయ్యకి పోలమ్మ మాట గుర్తొచ్చింది. కానీ సభంతా అతనికేసే చూస్తోంది.

"మా ఊరి వెనకే... దొరా."

ఆ రాతితో దొర మేడ లేచింది. నెమలిమెట్ట నేలమట్టమైంది.

గవరయ్య అక్కడికెళ్లి జముకు మీటి, ఒక చరణం పాడి వంత కోసం ఆగాడు. చాలాసేపు ఆగాడు. రెండో చరణం ఎత్తుకోలేదు. ఇక ఎన్నడూ పాడలేదు. ఆ చలికాలమే పోయాడు.

పాడె మోస్తూ ఊరి పెద్ద అన్నాడట: "ఒక్కసారి మనమే ఆహా అనుంటే, వీడు కోట గుమ్మం తొక్కేవాడు కాదు కదరా."

ఇప్పటికీ ఆ వైపు ఊళ్లలో ఎవరు పాట ఎత్తుకున్నా, బాగున్నా బాగులేకపోయినా, మొదటి చరణానికే అందరూ గట్టిగా ఆహా అంటారు. పాటలో కొండ వస్తే మాత్రం, అది ఎక్కడుందని ఎవరూ అడగరు.