బూరెమ్మ పుట్టిల్లు

పక్క వేశాను, దుప్పటి కప్పాను, మంచినీళ్ళు తాగావు. ఇంక లేవకూడదు. "ఊఁ" కొడుతూ ఉండు. నువ్వు ఆపావంటే నేనూ ఆపేస్తాను, ఆ తర్వాత నా కొంగు పట్టుకు లాగినా చెప్పను.

అనగనగా గోదారి ఒడ్డున ఒక ఊళ్ళో ఒక నుయ్యి. రాజుగారు లేరా అంటావా? లేరు. రోజూ రాజులేనా, ఈ పూటకి నూతితో సరిపెట్టుకో.

ఆ నుయ్యి పేరమ్మది. పేరమ్మ అంటే మాటకన్నా ముందు కేక వచ్చే మనిషి. ఏ పని చేసినా పద్ధతి, పద్ధతి అని అందరి ప్రాణం తీసేది. నూతి పక్కన ఆవిడకో గోంగూర మడి ఉండేది. ఆ మడిలో కాకి వాలినా ఊరుకునేది కాదు.

నూతిలో ఒక ముసలి తాబేలు ఉండేది. ఆ రోజుల్లో నూతిలో తాబేల్ని వదిలేవాళ్ళు. పురుగూ పుట్రా తినేసి నీళ్ళు శుభ్రంగా ఉంచుతుందని.

పేరమ్మకి ఒక్కడే కొడుకు, దొరబాబు. వాడికి పెళ్ళయింది. కోడలి పేరు తాయారు. ఎగువన గోదారి మధ్యలో ఒక లంక ఉండేది, నాలుగు వైపులా నీళ్ళు, నడుమ ఊరు. తాయారు అక్కడి పిల్ల. అమ్మా నాన్నా లేరు, నాయనమ్మే పెంచింది. కాపురానికి వచ్చినప్పుడు తాయారు ఒళ్ళో ఒక ఇత్తడి గిన్నె ఉంది. గిన్నెలో నీళ్ళు, నీళ్ళలో బూరె అంత తాబేలు పిల్ల. లంక ఇసకలో దొరికిందట. దానికి బూరెమ్మ అని పేరు పెట్టుకుంది.

పేరమ్మ గిన్నెలోకి తొంగి చూసి, "ఓసి నీ బడాయి! సారె తెస్తుందనుకుంటే తాబేల్ని తెచ్చిందర్రా!" అని బుగ్గలు నొక్కుకుంది. అయినా నూతిలో వదలనిచ్చింది.

ఆ తర్వాత ఏడాదికి తాయారు నాయనమ్మ పోయింది. ఆ వెంటనే పెద్ద వరద వచ్చింది. ఆ వరదకి లంక లంకంతా కోసుకుపోయింది. ఇల్లు పోయింది, కొబ్బరిచెట్లు పోయాయి, రేవు పోయింది. ఏరు పొంగి పేరమ్మ పెరట్లోకి కూడా వచ్చి, మోకాటి లోతు ఒండ్రుమట్టి వదిలి పోయింది. ఆ ఒండ్రులోనే ఆవిడ గోంగూర వేసింది. తాయారు మూడు రోజులు ముద్ద ముట్టలేదు. అప్పుడు పేరమ్మే తిడుతూ అన్నం కలిపి, నోట్లో పెట్టి తినిపించింది. నోరు పెద్దదే గానీ చెయ్యి మంచిది.

ఇలా నాలుగేళ్ళు గడిచాయి. బూరెమ్మ పళ్ళెమంత అయింది.

ఒకనాడు బూరెమ్మ మెతుకు ముట్టలేదు. రెండోనాడు నూతి గోడ పట్టుకుని పైకి ఎక్కబోయి జారిపడింది. మూడోనాడు ఎక్కుతూనే ఉంది, పడుతూనే ఉంది. తాయారు తట్ట దింపి దాన్ని పైకి తీసింది. పేరమ్మ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీసింది. తాబేలుకి దిష్టి! అదేమో తల లోపలికి లాగేసుకుంది. నవ్వకు, ఆవిడకి అది ముద్దే మరి.

అప్పుడు పడవ నడిపే సింహాద్రి మంచినీళ్ళకని వచ్చాడు. బూరెమ్మ వెనక కాలి దగ్గర వేలు పెట్టి చూశాడు.

"ఆయ్, జబ్బేం కాదండి. గుడ్లతో ఉందండి, ఇదే తొలిసారి. తవ్వుకోడానికి మెత్తటి మట్టి కావాలండి. దొరక్కపోతే గుడ్లు కడుపులోనే నిలిచిపోయి చచ్చిపోద్దండి."

తాయారు గబుక్కున బూరెమ్మని ఒళ్ళోకి తీసుకుంది. పేరమ్మ మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "తొలి కాన్పు అత్తారింట్లోనా? నూతిలో ముసలాడు దాని మొగుడు. ఈ నుయ్యి నాది. అంటే ఇది దాని అత్తారిల్లే కదా! తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. తాబేలైతే మాత్రం పద్ధతి ఉండొద్దూ?"

సింహాద్రి పకపకా నవ్వాడు. తాయారు నవ్వలేదు. ఎందుకో చెప్పనా? తాయారు కడుపులోనూ బిడ్డ ఉంది. రెండో నెల. మొగుడికీ చెప్పలేదు, అత్తకీ చెప్పలేదు. చెబితే పురిటికి పుట్టింటికి పంపుతామంటారు. వెళ్ళడానికి ఇల్లేదీ, తీసుకెళ్ళడానికి మనిషేదీ? ఆ దిగులు తనలో తనే దిగమింగుకుని తిరుగుతోంది పిచ్చిపిల్ల.

అందుకని ముందు వాకిట్లో వదిలి చూసింది. పేరమ్మ వాకిలి రోజూ పేడతో అలికి అలికి బండలా ఉండేది. బూరెమ్మ వెనక కాళ్ళతో గీకింది, గీకింది. గోళ్ళు అరిగాయి గానీ చారెడు మట్టి లేవలేదు.

"చూశావా? అత్తారిల్లని దానికీ తెలుసు," అంది పేరమ్మ.

ఆ తర్వాత, లంకలో కాస్త మట్టైనా మిగిలిందేమో చూద్దామని సింహాద్రి పడవలో ముగ్గురూ బయల్దేరారు. తట్టలో తడిగోనె పరిచి, దానిమీద బూరెమ్మని పెట్టుకుని తాయారు కూర్చుంది. చాలా దూరం పోయాక సింహాద్రి గెడ ఆపాడు. "ఇక్కడేనండి లంక ఉండేది." చూస్తే నీళ్ళు. అంతా నీళ్ళే. తాయారు ఆ నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది.

"అంత మట్టీ ఏమైపోయిందిరా?" అంది పేరమ్మ.

"ఎక్కడికి పోద్దండి? గోదారి ఒకచోట కోస్తుంది, ఇంకోచోట పోస్తుంది. ఇక్కడ కోసిందంతా దిగువన మీ ఊరి మీదే పోసిందండి."

పక్కనే కాస్త ఇసకతిన్నె ఉంటే బూరెమ్మని అక్కడ దింపారు. బూరెమ్మ తవ్వింది. జానెడు గుంట చేసింది. ఆ గుంటలోకి బుడబుడమని నీళ్ళు ఊరాయి. ఇంకోచోట తవ్వింది, అక్కడా నీళ్ళే. ఇంక తల లోపలికి లాక్కుని కదలకుండా పడుకుంది. అది అలా పడుకుంటే తాయారుకి ఏడుపొచ్చింది. పేరమ్మే దాన్ని ఎత్తి మళ్ళీ తట్టలో పెట్టింది. నువ్వు "ఊఁ" అను మరి, భయపడకు.

సాయంత్రం ఎండ వాలుతుండగా ఇంటికొచ్చారు. పెరట్లో తట్ట దించగానే బూరెమ్మ మెడ బయటికి పెట్టింది. గోంగూర మడివైపు ముక్కు చాచింది. తట్ట అంచు ఎక్కి, దబ్బున కింద పడి, మడివైపు నడిచింది.

"ఓసేయ్! నా గోంగూర! పట్టుకోవే దాన్ని!" అని కేకేసింది పేరమ్మ.

తాయారు పట్టుకోలేదు. పెళ్ళయిన నాటినుంచీ అత్తకి ఎదురు చెప్పని పిల్ల, మడికి అడ్డంగా నిలబడింది.

"పుట్టిల్లు లేనివాళ్ళు ఎక్కడ కనాలి అత్తయ్యా?" అంది. అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది.

పేరమ్మ నోట్లో కేక నోట్లోనే ఆగిపోయింది. కోడలి మొహం చూసింది. కోడలి కడుపుకేసి చూసింది. ఆ తర్వాత కొంగు నడుముకి దోపుకుని, మడిలోకి దిగి, తన గోంగూర మొక్కల్ని తన చేత్తోనే పెరికింది. ఒకటి కాదు, రెండు కాదు, మంచమంత మేర పెరికేసింది.

తాయారు చెంబుతో నీళ్ళు చిలకరించింది. మట్టి మెత్తబడింది. బూరెమ్మ అటు తిరిగింది, ఇటు తిరిగింది, వెనక కాళ్ళతో తవ్వడం మొదలెట్టింది. పేరమ్మ ఎండ తగలకుండా తాటాకు గొడుగు పట్టుకుంది. అంత నోరుగల మనిషి గుసగుసగా, "కానీ తల్లీ, కానీ, భయం లేదు," అంటోంది.

మొదటి గుడ్డు పడింది. గుండ్రంగా, తెల్లగా, గోళీకాయలా. తాయారు ఏడ్చింది. రెండోది పడింది. పేరమ్మ ఏడ్చింది. మూడోది పడ్డాక ఇద్దరూ ఒకళ్ళ చేతులు ఒకళ్ళు పట్టుకుని నవ్వుతూ ఉండిపోయారు. మొత్తం ఎన్నో వాళ్ళకే తెలీదు. బూరెమ్మ గుంట పూడ్చి, పొట్టతో అదిమి, తాపీగా నూతికేసి నడిచింది. పేరమ్మ ఆ చోట బుట్ట బోర్లించి, ముంగిస రాకుండా పైన రాయి పెట్టింది.

"నీకెన్నో నెల?" అంది, రాయి సర్దుతూనే.

"రెండండి."

"చింతచిగురు దొంగచాటుగా నములుతుంటే నాకు తెలీదనుకున్నావా? నువ్వే చెబుతావని చూస్తున్నాను." పేరమ్మ గుప్పెడు మట్టి తీసి తాయారు చేతిలో పోసింది. "సింహాద్రి ఏమన్నాడే? మీ లంకని కోసి ఎక్కడ పోసిందన్నాడు? ఇదిగో, మీ పుట్టిల్లు. నాలుగేళ్ళుగా నా పెరట్లోనే ఉంది, నేను గోంగూర పండించుకు తింటున్నాను. ఈ పెరడూ, పెరటి గదీ నీ పుట్టిల్లే పో!"

మరి పేరమ్మ కదా, పద్ధతి తప్పుతుందా? ఏడో నెల రాగానే పట్టుచీర కట్టుకుంది, చలిమిడి పళ్ళెం పట్టుకుంది, వీధి గుమ్మంలో నిలబడింది. "వదినగారూ! మా అమ్మాయిని పురిటికి తీసుకెళ్ళడానికొచ్చాం!" అని పిలిచింది. పలకాల్సింది ఎవరు? ఆవిడే! గబగబా లోపలికెళ్ళి, "అలాగే తీసుకెళ్ళండి వదినగారూ, ఐదో నెలకి పంపించాలి సుమండీ!" అని ఆవిడే అంది. దొరబాబు నవ్వాపుకోలేక అరుగుమీద కూలబడ్డాడు.

ఆ తర్వాత పెరటి గదిలో తాయారుకి ఆడపిల్ల పుట్టింది. ఆ వారమే బోర్లించిన బుట్ట కింద మట్టి కదిలింది. బుల్లి బుల్లి తలలు బయటికొచ్చాయి, ఒక్కోటీ గారెముక్కంత! సింహాద్రి వాటిని పడవలో తీసుకెళ్ళి ఏట్లో వదిలాడు.

పాపకి ఐదో నెల వచ్చింది. పంపించే రోజు పేరమ్మ తాయారుకి బొట్టు పెట్టి, కొంగులో చలిమిడి కట్టి, పెరటి గుమ్మం పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

తాయారుకి నవ్వాగలేదు. "ఎందుకండీ ఏడుస్తారు? ఇల్లు చుట్టి వీధి గుమ్మంలోకి వస్తే హారతి పళ్ళెంతో మీరేగా ఉంటారు!"

"అక్కడుండేది మీ అత్తే. దానికేం తెలుసు?" అంది పేరమ్మ ముక్కు తుడుచుకుంటూ. "నేను తల్లిని."

అప్పుడు తాయారు నవ్వడం మానేసింది. పాపని ఎత్తుకునే వంగి, "వెళ్ళొస్తానమ్మా," అంది.

ఏదీ, "ఊఁ" అనవేం? సరే, సరే, కళ్ళు మూతలు పడుతున్నాయి.

కథేమో కంచికి,
బూరెమ్మ నూతికి,
పిల్లలు ఏటికి,
తాయారు ఇంటికి,
నువ్వు నా ఒడికి!