మిగులమ్మ గుట్ట: తలకు రాయగా మిగిలిన నూనెతో వెలిగే దీపం

నల్లమల అంచున, ఇప్పలచెర్ల దాటాక, ఎర్రనేల మధ్య ఒంటరిగా నిలబడి కనిపించేదే మిగులమ్మ గుట్ట. బస్సు దిగిన భక్తులకు ఇక్కడ ముందుగా గోపురం కనబడదు, గంట వినబడదు. కాగుల్లో మరిగే నీళ్ళ ఆవిరి, కుంకుడు పులుసు వాసన, వెచ్చబెట్టిన నువ్వుల నూనె వాసన ముందు ఎదురొస్తాయి. గుట్ట కింద రాతి చప్టా మీద వరసగా పీటలు వేసి ఉంటాయి. ఎంత పెద్ద ఉద్యోగం చేసేవారైనా, ఎంత తొందర పనిమీద వచ్చినవారైనా, ఆ పీట మీద కూర్చుని తల వంచాల్సిందే.

ఈ క్షేత్రంలో ఎవరి తలకు వారు నూనె రాసుకోరాదు. పక్కవారు రాయాలి. ఆలుమగలు కలిసి వస్తే మగవాడే ముందుగా భార్య తలకు రాయాలి. కొత్తగా పెళ్ళయిన కుర్రవాళ్ళు సిగ్గుతో మెలికలు తిరిగిపోతుంటే, చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఊరుకుంటారా? "ఏం నాయనా, గంధం పూసినట్టు అద్దుతాండావు! గట్టిగా రుద్దు, నీ పెళ్ళాం తలేమీ ఊడిరాదులే!" అని ఆటపట్టిస్తారు. ఒంటరిగా వచ్చినవారికి కొత్తవారే చుట్టాలవుతారు. తలంటు అయ్యాక వేడినీళ్ళ స్నానం, ఆపైన కొర్రన్నం, ఉలవచారు. తిన్నాక మండపంలో ఒక కునుకు తీయాలి. నిద్రపోయిన భక్తుణ్ణి లేపే అధికారం ఇక్కడ పూజారికి కూడా లేదు. మెలకువ వచ్చాకనే, గిన్నెలో మిగిలిన నూనె పట్టుకుని, మెట్లెక్కి అమ్మవారి ప్రమిదలో పోయాలి.

ఎక్కడైనా దేవుడికి పెట్టగా మిగిలింది మనకు ప్రసాదం. ఇక్కడ మనకు రాయగా మిగిలింది అమ్మవారికి దీపం. తల్లి ఇలా ఎందుకు కోరిందంటే, దాని వెనుక ఒక ఇల్లాలి కథ ఉంది. వినేటప్పుడు కళ్ళు చెమరిస్తే తుడుచుకోనక్కరలేదు, అదీ ఇక్కడి సేవలో భాగమే అంటారు పెద్దలు.

పూర్వం ఇక్కడ అమ్మవారిని గుట్టమ్మ అని పిలిచేవారు. కింద ఊళ్ళో కంబగిరన్న అనే ఆయన గానుగ ఆడించేవాడు. ఆయన భార్య సుంకమ్మ. ఆ ఇంటి గానుగెద్దు ఎంత దూరం నడిచిందో గానీ, సుంకమ్మ దాని వెనకే అంత దూరం నడిచింది. మాటకారి మనిషి. నవ్విందంటే గానుగ కిర్రు కూడా వినబడేది కాదట. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె జడ మోకాళ్ళ దాకా ఉండేది. సందెవేళ కంబగిరన్నే దువ్వెన పట్టుకుని చిక్కు తీసేవాడని ఊరంతా చెప్పుకునేవారు. "గానుగాయనకు నువ్వులకంటే పెళ్ళాం జడ మీదే ధ్యాస" అని పరాచికాలాడేవారు.

ఇలా ఉండగా పెద్ద కరువు వచ్చింది. చేలు ఎండిపోయాయి, నువ్వులు తెచ్చేవాడు లేడు, గానుగ ఆగిపోయింది. కంబగిరన్న గుట్టెక్కి అమ్మవారి ముందు సాగిలపడ్డాడు. "తల్లీ, నా గానుగ మళ్ళా తిరిగితే నా పాలికి వచ్చే నూనె అంతా నీదే. నీ దీపం ఆరనివ్వను. మా ఒంటికి ఒక్క చుక్క తాకనివ్వను" అని మాట ఇచ్చాడు. అమ్మవారు అడిగిందా అంటే, లేదు. ఆయనే ఇచ్చుకున్నాడు.

వానలు పడ్డాయి. గానుగ తిరిగింది. కంబగిరన్న మాట తప్పలేదు. ఊరివారు కూలి కింద వదిలిన నూనె అంతా కుండకెత్తి రోజూ గుట్ట మీదికి మోసుకుపోయి, అమ్మ తలకు రాసి, దీపంలో పోసేవాడు. తెలకపిండి ఇచ్చి మార్చుకున్న కొర్రలతో ఇల్లు గడిచేది. మొదట్లో సుంకమ్మ కూడా సంతోషంగా ఒప్పుకుంది. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ ఆయన తీరు మారిపోయింది. కంటినిండా నిద్ర లేదు, నలుగురితో మాట లేదు. కూర్చుంటే దీపం చింత, లేస్తే దీపం చింత. చీటికీ మాటికీ ఎద్దు మీద కసురుకునేవాడు. దువ్వెన ఏ చూరులో దోపాడో ఆయనకే గుర్తులేదు. సుంకమ్మ జుట్టు పీచులా ఎండిపోయి ముడికి కూడా అందకుండా పోయింది.

"ఏమయ్యా, నేను కూడా రాయినై గుట్ట మీద కూర్చుంటే నా తలకూ రాస్తావేమో?" అనేది ఆమె నవ్వుతూనే.

"ఊరుకో మే, అమ్మతో నీకు పోటీనా?" అనేవాడు ఆయన నవ్వకుండా.

ఆ ఏడు చలికాలం పొడిగాలి బాగా కొట్టింది. ఎద్దు వెనక తిరిగి తిరిగి సుంకమ్మ మడమలు పగిలాయి. ఒక పగులు లోతుగా చీలి, అడుగు వేస్తే నెత్తురు కనబడేది. ఆమె ఏనాడూ నోరు తెరిచి అడగని మనిషి. ఆరోజు అడిగింది.

"ఒక్క గరిటెడు నూనె ఇయ్యయ్యా. పసుపేసి కాచి కాలికి పెట్టుకుంటా. అడుగు తీసి అడుగు వెయ్యలేకుండా ఉండాను."

"జాతర దగ్గరకొచ్చింది కదే. పెద్ద ప్రమిద నిండాల. జాతర పోనీ, చూద్దాం."

"జాతర పోయేదాకా ఆగమని నువ్వే చెప్పు నా కాలికి, నా మాట వినడంల్యా" అంది ఆమె. మళ్ళీ అడగలేదు.

ఆ మధ్యాహ్నమే కంబగిరన్న గానుగ దూలం మీద కూర్చుని ఎద్దును తోలుతూ ఒక కునుకు తీశాడు. ఆ కునుకులో గుట్టమ్మ కనబడింది. తల్లి తల మీంచి నూనె కారి, కళ్ళలో పడి, కొంగుతో తుడుచుకుంటోంది. "నా తల జిడ్డోడుతోంది, కంబగిరీ. నీ ఇంట్లో తల ఎండిపోయింది, కాలు పగిలింది. ముందు అక్కడ రాయి. నీ ఒంటికీ రాసుకో. మిగిలింది ఉంటే నాకు తీసుకురా. మిగలకపోతే చీకట్లోనే కూర్చుంటాను, నాకేమీ భయం లేదు" అంది.

ఉలిక్కిపడి లేచాడు. మాట స్పష్టంగా వినబడింది, అర్థం కూడా అయింది. కానీ ఆయన నమ్మలేకపోయాడు. దేవత ఎక్కడైనా మిగులు అడుగుతుందా? నూనె కావాలని నా ఒళ్ళే అమ్మ గొంతుతో మాట్లాడింది, నా మాట తప్పించడానికే ఈ ఎత్తు అనుకున్నాడు. ఆ సాయంత్రం పూజారి లింగప్పకు కల సంగతి చెప్పాడు. లింగప్ప నిదానమైన మనిషి. "నిజంగా అమ్మే చెప్పిందేమోనప్పా. నీ నూనెకు అమ్మ మీద చీమ కూడా నిలబడలేక జారి పడుతోంది. ఇంటికి పోయి ఆయమ్మ కాలికి ఇంత రాయరాదూ?" అన్నాడు.

"నీకేం స్వామీ, మాట ఇచ్చింది నేను గదా" అని కంబగిరన్న కుండ ఖాళీ చేసి దిగిపోయాడు.

జాతర వచ్చింది. కంబగిరన్న గుట్ట మీదే ఉండిపోయి పెద్ద దీపం చూసుకున్నాడు. సుంకమ్మ కుంటుతూనే ఎద్దును తోలింది. ఎద్దు నీళ్ళ తొట్టి దగ్గరి బురద పగుల్లో చేరి కాలు వాచింది, వాపు మోకాలికెక్కింది, జ్వరం కాసింది. జాతర ముగిసి ఆయన ఇంటికి వచ్చేసరికి ఆమె గానుగ పక్కన గోనె మీద పడుకుని ఉంది.

"అమ్మకు నిండిందా?" అని అడిగింది.

"నిండిందే" అన్నాడు. కాలు చూశాడు.

నూనె కోసం ఇల్లంతా వెదికాడు. గానుగాయన ఇంట్లో దీపపు కుందెలో తడి కూడా లేదు. ఉన్నదంతా గుట్ట మీద ఉంది. చెంబు పట్టుకుని పరుగున మెట్లెక్కాడు. పెద్ద ప్రమిద నిండుగా వెలుగుతోంది, పక్కన కుండలో ఇంకా ఉంది. చెయ్యి చాచాడు. అక్కడ ఆగిపోయాడు. ఇచ్చిన నూనె ఎట్లా ఎత్తుకోవాలి? అమ్మవారి కొప్పులో పువ్వు కుడివైపు రాలితే అనుమతి ఇచ్చినట్టని అక్కడి ఆనవాయితీ. "తల్లీ, ఒక్క పువ్వు రాల్చు, తీసుకుపోతా" అని చేతులు జోడించి నిలబడ్డాడు.

పువ్వు రాలలేదు. ఎండ మెట్ల మీంచి దిగిపోయింది. ఆయన రెప్ప వేయకుండా పువ్వునే చూస్తూ నిలబడ్డాడు.

చివరికి లింగప్ప ఉండబట్టలేక అరిచాడు. "కలలో నోరు తెరిచి చెప్పింది చాలదా! ఇంకా పువ్వుతో కూడా చెప్పించుకుంటావా? ముంచుకుని పో నాయనా!" ఆ మాటతో కంబగిరన్నకు ఒళ్ళు తెలిసింది. చెంబు ముంచుకుని, ఒలకకుండా గుండెకు హత్తుకుని, మెట్లు దిగాడు. వీధి మొదట్లోనే ఆడవాళ్ళ ఏడుపు వినబడింది.

ఆఖరి స్నానానికి పీట వేశారు. పక్కింటి ఈరక్క వచ్చి చెయ్యి చాపింది. "నూనె ఉందా అన్నా? తలంటాల." కంబగిరన్న చెంబు అందించాడు. ఈరక్క దోసిట్లోకి వంచుకుని సుంకమ్మ నడినెత్తిన పెట్టింది. "ఎన్నేళ్ళకు పడిందమ్మా నీ తలకు నూనె" అంది. దెప్పాలని కాదు, పాపం, మామూలుగానే అంది. అయినా ఆ మాట కంబగిరన్నకు బతికినంతకాలం చెవిలోనే ఉండిపోయింది.

ఆమెను సాగనంపాక ఆయన చెంబు పట్టుకుని గుట్ట కింద బండ మీద కూర్చున్నాడు. తిండి ముట్టలేదు, నిద్ర పోలేదు, ఏడవనూ లేదు. ఎండిపోయి అక్కడే పోదామనుకున్నాడు. ఒకరోజు పొద్దునే ఒక ముసలామె వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏమప్పా, ఆ చెంబులో ఏముంది?"

"నూనె."

"ఎవరికి?"

ఆయన చెంబును రెండు చేతులా పట్టుకున్నాడు. ముసలామె చెంబు లాక్కుని, దోసెడు నూనె ఆయన మాడున పెట్టి రుద్దడం మొదలుపెట్టింది. వద్దని తోసేశాడు. "కూర్చోరా! నువ్వు చస్తే ఆమె లేచొస్తుందా?" అని గద్దించింది. ఆ చెయ్యి మాడు మీద తిరుగుతుంటే, లోపల ఎక్కడో గడ్డకట్టినది కరిగినట్టయింది. అప్పుడు ఏడ్చాడు. సుంకమ్మా, సుంకమ్మా అని పేరు పెట్టి ఏడ్చాడు. ముసలామె పగిలిన ఆయన కాళ్ళకు కూడా రాసి, నీళ్ళు పోసి, తన మూటలోని కొర్రన్నం ముద్దలు చేసి తినిపించింది. పసిబిడ్డలా ఆ బండ మీదే నిద్రపోయాడు.

మెలకువ వచ్చేసరికి ఆమె పక్కనే కూర్చుని ఉంది. చెంబు అందిస్తూ, "అడుగున కొంచెం మిగిలింది. పోయి నా ప్రమిదలో పొయ్యి" అంది.

కంబగిరన్న చేతులు వెనక్కి తీసుకున్నాడు. "నేను మైలలో ఉండానమ్మా."

"నాకు లేని మైల నీకెక్కడిది?"

"తల్లీ, ఈ మాట ముందే చెప్పావు. నేను వినలేదు."

"విన్నావు. నమ్మలేదు."

"అట్లయితే నన్నెందుకు బతికిస్తావు? నీ ఈ చెయ్యి ఆరోజే ఆమె తల మీద పెట్టి ఉండరాదా? నువ్వు తలుచుకుంటే కాదా?"

అమ్మవారు చెంబు ఆయన చేతిలో పెట్టింది. "ఆ తలకు రాయాల్సిన చెయ్యి నాది కాదు నాయనా" అంది. మరి కనబడలేదు.

కంబగిరన్న మెట్లెక్కి చెంబు అడుగున ఉన్నది ప్రమిదలో వంచాడు. చిన్న దీపం వెలిగింది. కాసేపు వెలిగి ఆరిపోయింది. ఆరిపోయిన దీపం ముందు ఆయన భయపడకుండా కూర్చోవడం అదే మొదటిసారి. ఆనాటి నుంచి అమ్మవారికి మిగులమ్మ అని పేరు వచ్చింది.

ఆపైన ఆయన గుట్ట కింద పీటలు వేసి, వచ్చేపోయేవారికి తలంట్లు మొదలుపెట్టాడు. ఎద్దు మెడ మీది కాడి పుండుకు కూడా తానే నూనె పెట్టేవాడు. వేళకు తిన్నాడు, వేళకు పడుకున్నాడు. మనిషి తేరుకున్నాడు, ముసలితనంలో కూడా చేతుల్లో పట్టు తగ్గలేదట. కానీ "ఎన్ని తలలకు రాశావు తాతా, నీ పుణ్యం గుట్టంత పెరిగింది" అని ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం తల అడ్డంగా ఊపేవాడు. "రాయాల్సిన తల ఒకటి ఉండిపోయిందప్పా. తక్కినవన్నీ దాని వడ్డీ" అనేవాడు.

నేటికీ అమ్మవారి గుడిలో దీపం ఆరిపోయి కనబడితే భక్తులు కంగారు పడనక్కరలేదు. కింద ఎవరో బాగా అలసిపోయినవారు వచ్చి ఉంటారు, వారికే సరిపోయి ఉంటుంది. అటువంటి రోజున దర్శనం మరీ మంచిదంటారు. నిద్ర పట్టనివారు ఇక్కడ ఒక పూట పడుకుని వెళితే నిద్ర పడుతుందని, మనసులో బరువు పెట్టుకుని తిరిగేవారికి ఏడుపు వచ్చి తేలికపడుతుందని, ఆలుమగలు పాత పంతాలు పీట మీదే వదిలిపెట్టి పోతారని ఎందరో తమ అనుభవంగా చెబుతున్నారు. కీళ్ళనొప్పులవారికి కూడా మేలు.

అయితే ఉదయాన్నే వచ్చే భక్తులు ఒక్క సంగతి గమనించాలి. వరసలో మొదటి పీట మీద ఎవరూ కూర్చోరాదు. కంబగిరన్న ఇంటిపేరువారు దాని ముందు వెచ్చని నూనె గిన్నె, పక్కన పసుపు, ఒక దువ్వెన పెడతారు. ఇంటి పెద్ద మగవాడు పీట వెనక నిలబడి, చేతులకు నూనె రాసుకుని, "రా సుంకమ్మా, కూర్చో. నీ తర్వాతే అందరూ" అని గట్టిగా పిలుస్తాడు. పిలిచి, ఆమె నడిచి వచ్చి కూర్చునేంత సేపు ఆగుతాడు. ఆ సేపు చప్టా మీద ఎంతమంది ఉన్నా మాట వినబడదు. ఆమె రాదని ఆయనకు తెలుసు. ఆ చేతుల నూనెను అలాగే రెండో పీట మీది వారి తలకు రాస్తాడు.